బోధకుని ఆత్మపరీక్ష
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

   

మన సంఘ వార్షిక మహాసభయందు విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరినందులకు కృతజ్ఞుడను. ఇట్టి సభలయందు విద్యను గూర్చి ప్రసంగించువారు తఱచుగా విద్యార్థులకు హితోపదేశము చేయుదురు, తల్లిదండ్రులను హెచ్చరింతురు, దాతలను ప్రార్థింతురు. ఈ మూడు పనులను నాకు పూర్వము ప్రసంగించిన పెద్దలు నాకంటె చక్కగా నెరవేర్చియున్నారు. కావున నేను మిగిలిన నాలుగవవానిని గూర్చి మాటలాడదలచితిని. వాడెవడనగా, పాఠము చెప్పువాడు. ముప్పదిరెండు సంవత్సరములు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను గనుక, ఈ నాలుగవవాని దోషములు నేనెఱిగినంతగా మీరెఱుగరు. పరనింద చేయుటకు నేను రాలేదు. ఆత్మనింద చేసికొని కన్నీరు కార్చుటకును రాలేదు. లెక్క చూచుకొనుటకు వచ్చితిని.

ఏటేట మన విద్యానిధినుండి ఉపకారవేతనములు పొంది బాలబాలికలు విశ్వవిద్యాలయములలో చేరుచున్నారు. వారిలో పెక్కుమంది తమ వంశమున కళాశాల గడప త్రొక్కిన మొదటివారు. కొందఱు తొలి సంవత్సరమునందే తప్పి, చదువు మానుకొని, ఇండ్లకు చేరుచున్నారు. ఒకమారు కార్యవర్గ సమావేశమున అట్టివారి పట్టిక చదువుచుండగా, వృద్ధులైన దాతయొకరు నన్ను సూటిగా నడిగిరి: "అయ్యా! మేము ధనమిచ్చితిమి. పిల్లవాడు తన వయస్సు నిచ్చెను. తల్లి మెడలోని గొలుసు తాకట్టు పెట్టెను. మీరేమిచ్చితిరి?" ఆనాడు నేను తలవంచుకొని యూరకుంటిని. ఈ యుపన్యాసమే నా సమాధానమని వారు భావింతురుగాక!

మొదట నా కథ యొకటి మనవి చేయవలసియున్నది. 1987వ సంవత్సరమున నా తరగతిలో మన వసతిగృహమునుండి వచ్చిన బాలుడొకడుండెను. వాడు మెట్టపొలముల పల్లెనుండి వచ్చినవాడు. డిగ్రీవఱకు తెలుగున చదివినవాడు. మొదటి వరుసలో కూర్చుండి, నేను పలికిన ప్రతిమాటను వ్రాసికొనుచుండెడివాడు. అర్ధసంవత్సర పరీక్షలో ఒక లెక్కను పూర్తిగా తప్పు చేసెను. నేను సున్న వేసి, నలుగురి యెదుట "నీ బుఱ్ఱ ఈ శాస్త్రమునకు తగినది కాదు" అని యంటిని. వాడు మాఱుపలుకక, పుస్తకము మాత్రము నా బల్లపై నుంచి పోయెను. సాయంకాలము దానిని తెఱచి చూచితిని. నల్లబల్లపై ఆ లెక్కను చేసిన దినమున నేనే మూడవ పంక్తియందు ఒక గుఱుతును తారుమారు చేసియుంటిని. వాడు నా తప్పును అక్షరము పొల్లుపోకుండ ఎక్కించుకొని, కంఠస్థము చేసి, పరీక్షలో నాకే అప్పగించెను. నేను నా తప్పునకే సున్న వేసితిని!

మార్కులు సవరించితిని. కాని అప్పటికి సంక్రాంతి సెలవులు వచ్చెను. ఇంటికి పోయినవాడు మరల రాలేదు. నేను జాబు వ్రాయగా వాని తండ్రి యెవరిచేతనో వ్రాయించి పంపిన ప్రత్యుత్తరము నేటికిని నాయొద్ద నున్నది. "మీవంటి పెద్దలే మావానికి బుఱ్ఱ లేదని సెలవిచ్చిన తరువాత మేమనగలిగిన దేమున్నది? వాడు వ్యవసాయములోనికి దిగినాడు" అని యందు వ్రాసియున్నది. కోపపు మాట యొక్కటియు లేదు. అందువలననే అది నన్ను విడిచిపెట్టలేదు.

ఇందు నా దోషము గుఱుతు తారుమారగుట కాదు. అది యెవరికైనను జరుగును. దోషము మఱియొకటి. పండ్రెండు వారములు పాఠము చెప్పి, వినువారికి ఏమి తెలిసినదో తెలిసికొనుటకు నేనొక్క ఉపాయమును చేయలేదు. చెప్పుటతో నా పని తీరినదనుకొంటిని. ఆ బాలుడు అర్థము కాని దానిని వ్రాసికొనుచున్నాడని నాకు తెలిసియున్నచో, వాడు నేడు ఏ పరిశోధనాలయముననో యుండెడివాడేమో!

కాళిదాసుని మాళవికాగ్నిమిత్రము చదివినవారికి గణదాస హరదత్తుల వివాదము జ్ఞాపకముండును. ఇరువురును నాట్యాచార్యులే, ఎవరధికులని కలహము వచ్చినది. అంతట ఆచార్యులను నర్తింపుమని యడుగలేదు. శిష్యురాలిని రంగమున నిలిపిరి. బోధకుని శక్తి వాని విద్యయందు కాదు, శిష్యునియందు కనబడవలెనని మన పూర్వులకు ఏనాడో తెలియును. మేము విశ్వవిద్యాలయములలో ఆ నీతిని విస్మరించితిమి. ఆచార్యుని ప్రకటనలను లెక్కించుచున్నాము, పట్టములను లెక్కించుచున్నాము. వాని శిష్యులు రంగమున నేమి చేసిరో చూచుట యరుదు.

ఇందులకు కారణము లేకపోలేదు. చిన్నబడిలో పిల్లలకు పాఠము చెప్పవలెనన్నను బోధనాశిక్షణము కావలెను. విశ్వవిద్యాలయమున బోధించుటకు అట్టి పట్టము నియమము కాదు. తన శాస్త్రమున పండితుడైనవాడు బోధించగలడని యొక నమ్మకము. ఈతకాడైనంత మాత్రమున ఈత నేర్పగలడా? ఈ లోపమును ప్రభుత్వమువారును గుర్తించిరి. 1986వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము ననుసరించి 1987 మొదలు విశ్వవిద్యాలయములలో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వెలసెను. అవి 2015లో మానవవనరుల అభివృద్ధి కేంద్రములైనవి; 2023 నుండి మదనమోహన మాలవీయగారి పేర నడుచుచున్నవి. నేనును ఆ తరగతులకు పోయితిని. పదోన్నతికి ధ్రువపత్రము కావలసియుండెను గనుక పోయితిని, ధ్రువపత్రము తెచ్చుకొంటిని. మార్పు తెచ్చుకొనలేదు. ఏలయన, తనలో లోపమున్నదని యెఱుగనివానికి ఔషధము చేదుగానే యుండును. గానుగెద్దు దినమంతయు నడచును. సాయంకాలమునకు ఉన్నచోటనే యుండును. నా మొదటి పదియేండ్ల యనుభవము అట్టిది.

ఇక పరదేశమున జరిగిన కథ యొకటి వినుడు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఎరిక్ మేజర్ అను భౌతికశాస్త్రాచార్యుడు 1984 నుండి బోధించుచుండెను. విద్యార్థులాయనను మెచ్చుకొనుచుండిరి, కఠినమైన లెక్కలను చక్కగా చేయుచుండిరి. తాను మంచి బోధకుడనని ఆయన నమ్మకము. 1990 ప్రాంతమున హలూన్, హెస్టెనిస్ అను ఇరువురు పరిశోధకులు ప్రకటించిన వ్యాసములను ఆయన చదివెను. బలము, చలనము అను మూలభావములను గూర్చి విద్యార్థులు చిన్ననాటి అపోహలను విడువకయే పరీక్షలలో ఉత్తీర్ణులగుచున్నారని ఆ వ్యాసముల సారము. "నా విద్యార్థులు అట్టివారు కారు" అని నిరూపించుటకై ఆయన తన తరగతికి అదే పరీక్ష పెట్టెను. బరువైన లారియు తేలికైన కారును ఢీకొన్నప్పుడు దేనిపై దేని బలమెక్కువ? ఇట్టి సులభమైన ప్రశ్నలు. న్యూటను మూడవ సూత్రము ప్రకారము రెండును సమానములే. ఆ సూత్రమును వల్లించగలిగిన విద్యార్థులనేకులు ఈ ప్రశ్నకు తప్పుగా సమాధానమిచ్చిరి. ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నను ఆయన పలుమారు చెప్పియున్నారు: మీరు నేర్పినట్లు వ్రాయవలెనా, నేను నిజముగా అనుకొనునట్లు వ్రాయవలెనా అని యామె యడిగినదట!

ఆచార్యుడు విద్యార్థులను నిందింపలేదు. తన పద్ధతిని మార్చుకొనెను. కొంతసేపు పాఠము చెప్పి, ఒక ప్రశ్న వేసి, ప్రతివాని చేతను సమాధానము ఎంపిక చేయించి, తరువాత ప్రక్కవానితో వాదింపుమనెను. అప్పుడే అర్థము చేసికొన్నవాడు, అర్థము కానివానికి ఎచ్చట చిక్కున్నదో ఆచార్యునికంటె బాగుగా నెఱుగును. ఆచార్యుడా చిక్కును దాటి యెంతో కాలమైనది, మఱచిపోయినాడు. ఈ పద్ధతిని వివరించు గ్రంథమును ఆయన 1997లో ప్రకటించెను.

ఇది యొక్క తరగతి కథయని మీరనవచ్చును. 1998లో రిచర్డు హేక్ అను పండితుడు 62 తరగతులలోని 6,542 మంది విద్యార్థుల ఫలితములను పరిశీలించెను. పాఠారంభమున తెలియని విషయములు నూరైనచో, కేవలోపన్యాస తరగతులలో సగటున ఇరువదిమూడింటిని, ప్రశ్నోత్తర చర్చలతో కూడిన తరగతులలో నలువదియెనిమిదింటిని విద్యార్థులు సాధించినట్లు తేలినది. 2014లో ఫ్రీమన్ మొదలగువారు విజ్ఞానశాస్త్రములు, గణితము, ఇంజనీరింగులకు సంబంధించిన 225 పరిశోధనలను కలిపి చూచిరి. ఉపన్యాసము మాత్రమే జరిగినచోట నూటికి 33.8 మంది తప్పగా, విద్యార్థులు పాల్గొనినచోట తప్పినవారు నూటికి 21.8 మంది. నూటికి పండ్రెండుమంది! మన వసతిగృహమున ఆ పండ్రెండుమంది యెవరో మీరు పేళ్లతో చెప్పగలరు.

ఆ గ్రంథమును నేను ఆలస్యముగా, 2001లో చదివితిని. మఱునాడే లారి కారు ప్రశ్నను నా తరగతిలో వేసితిని. సగమునకు మించినవారు లారి బలమే యధికమనిరి. వారందఱును అంతకు పూర్వము న్యూటను సూత్రములపై మంచి మార్కులు తెచ్చుకొన్నవారే. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అయినను అది నా యుద్యోగజీవితమున శుభదినమని నేడు తలంచుచున్నాను.

ఇక బోధకుడు తన్ను తాను పరీక్షించుకొనుట యెట్లు? స్టీఫెన్ బ్రూక్‌ఫీల్డు అను విద్యావేత్త 1995లో ప్రకటించిన గ్రంథమున నాలుగు దృష్టులను చెప్పియున్నాడు: తన యనుభవము, విద్యార్థుల నేత్రములు, తోడి యుపాధ్యాయుల నేత్రములు, శాస్త్రగ్రంథములు. వీనిని నేను నాలుగద్దములని చెప్పుకొందును. ఒక్క యద్దమున వీపు కనబడదు గదా!

మొదటి యద్దము దినచర్య. పాఠము ముగించిన వెంటనే, చేతి సుద్దపొడి కడుగుకొనకముందే, మూడు పంక్తులు వ్రాసికొనవలెను. నేడు విద్యార్థులు ఎచ్చట తలలెత్తిరి? ఎచ్చట కలములాగినవి? మరల ఈ పాఠమే చెప్పవలసివచ్చినచో ఏమి మార్తును? మఱుసటి సంవత్సరము అదే పాఠమునకు ముందు ఆ పంక్తులను చదువుకొనవలెను. ఇంతియే. దీనికి ధనము అక్కఱలేదు. ఎవరి యనుమతియు అక్కఱలేదు. నా పసుపువన్నె దాల్చిన నోట్సు కాగితములను చింపివేయించినవి ఈ పంక్తులే.

రెండవ యద్దము విద్యార్థి. గంట ముగియుటకు రెండు నిమిషములు ముందు చిన్న కాగితముపై పేరు వ్రాయకుండ రెండు సంగతులు వ్రాయింపవలెను. నేడు నేర్చుకొన్న ముఖ్యవిషయమేది? ఇంకను తెలియనిదేది? ఏంజెలో, క్రాస్ అను విద్వాంసులు 1993లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి యుపాయములు పెక్కు కలవు. తెలుగున చదివి వచ్చినవారు తెలుగుననే వ్రాయవచ్చునని స్పష్టముగా చెప్పవలెను. మొదటి దినమున ఆ కాగితములను చూచి నేను నిర్ఘాంతపడితిని. శాస్త్రము తెలియనివారు కొందఱే. నేను వాడిన ఇంగ్లీషు పదము తెలియనివారు పెక్కుమంది. అడుగుటకు సిగ్గుపడి సంవత్సరములు గడపుచున్నారు. మఱుసటి దినమున ఆ కాగితములకు సమాధానము చెప్పుట మఱవరాదు. అడిగి యూరకుండుట అడుగకుండుటకంటె చెడ్డది.

ప్రశ్న వేసి నిరీక్షించుటయు నేర్చుకొనవలసిన విద్యయే. మేరీ బడ్ రో అను పరిశోధకురాలు తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన పిదప ఒక్క సెకండుకు మించి వేచియుండుట లేదని కనుగొనెను. మూడు సెకండ్లు వేచియున్నచో సమాధానములు దీర్ఘములగుచున్నవి. మాటలాడువారి సంఖ్య పెరుగుచున్నది. తెలుగున నాలోచించి ఇంగ్లీషున పలుకవలసిన పిల్లవానికి ఆ మూడు సెకండ్లు మూడు వరములు.

మూడవ యద్దము తోడివాడు. మా వృత్తియందు ఒక వింత యున్నది. వైద్యుని శస్త్రచికిత్సను సహాయ వైద్యులు చూతురు. న్యాయవాది వాదమును సభయంతయు వినును. ఆచార్యుని పాఠమును మాత్రము మఱియొక ఆచార్యుడు వినడు. తలుపు మూసిన తరువాత వాడే రాజు. నేనొక మిత్రుని నా తరగతి వెనుక బల్లపై కూర్చుండుమని ప్రార్థించితిని. "నీవు గంటసేపు నల్లబల్లకే పాఠము చెప్పితివి, ఎడమవైపు పిల్లలు నిన్ను చూడనేలేదు" అని వారు చెప్పిరి. ఇరువదియేండ్లలో నాకెవ్వరును చెప్పని మాట యది. అయితే ఇట్టి సందర్శనము అధికారులకు నివేదించుటకు కారాదు. పరస్పర విశ్వాసమున జరుగవలెను. నేడు నీవు నా తరగతికి, రేపు నేను నీ తరగతికి.

నాలుగవ యద్దము గ్రంథము. తన శాస్త్రమున క్రొత్త పరిశోధనలను చదువువాడు, ఆ శాస్త్రమును నేర్చుటలో విద్యార్థులెచ్చట పడిపోవుదురో తెలుపు పరిశోధనలను కూడ చదువవలెను. హలూన్, హెస్టెనిస్ల వ్యాసము చదువనిచో మేజర్‌గారు తన యద్దమున తన ముఖమునే చూచుకొని మురిసియుండెడివారు.

ఇచ్చట నొక జాగ్రత్త చెప్పవలసియున్నది. విద్యార్థులు మెచ్చినంత మాత్రమున బోధన మంచిదని తలపరాదు. 2019లో హార్వర్డుననే జరిగిన యొక పరిశోధనయందు, తాము స్వయముగా శ్రమించిన తరగతిలో తక్కువ నేర్చుకొంటిమని విద్యార్థులు తలంచిరి. పరీక్షింపగా ఎక్కువ నేర్చినట్లు తేలినది. చక్కని యుపన్యాసము వినుట పల్లకి యెక్కినట్లుండును. కాళ్లకు బలము రాదు. కావున క్రొత్త పద్ధతి నారంభించునపుడు ఎందులకు శ్రమపెట్టుచున్నామో పిల్లలకు ముందుగా చెప్పవలెను.

పరీక్షలు మారక బోధన యెట్లు మారునని కొందఱు మిత్రులడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. రాధాకృష్ణన్ గారి యధ్యక్షతను 1948లో ఏర్పడి 1949లో నివేదిక సమర్పించిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, ఒక్క సంస్కరణమునే సూచింపవలసివచ్చినచో అది పరీక్షలను గూర్చియే యని చెప్పినది. అప్పటినుండి డెబ్బదియేండ్లు దాటినను, వల్లెవేసిన దానిని అప్పగించుటయే పెక్కుచోట్ల నేటికిని పరీక్షయై యున్నది. నేడు చేతిలోని యంత్రమే అడిగిన తోడనే సమాధానము వ్రాసి యిచ్చుచున్నది. నోట్సు చెప్పి వ్రాయించుటయే బోధన యైనచో, ఆచార్యుని యవసరము తీరిపోయినట్లే. అర్థమైనదో కాలేదో ముఖము చూచి గ్రహించి, ఆగి, మరల మఱొక దారిని నడిపించువాడే మిగులును. అంతర్గత పరీక్షలు ఆచార్యుని చేతిలోనివే గనుక, మార్పును అచ్చట నారంభింపవచ్చును.

మహాశయులారా! ఇందు మన సంఘము చేయదగినదేమి? నాకు తోచిన మూడు పనులు మనవి చేయుదును.

మొదటిది: మన వసతిగృహములలో తప్పిన పిల్లవానిని "ఎందుకు తప్పితివి?" అని యడుగుటకు బదులు "ఎచ్చట తెలియకపోయినది?" అని యడుగుడు. మొదటి ప్రశ్న వాని నోరు మూయును, రెండవది తెఱచును. పై తరగతివారు వారమునకు రెండు రాత్రులు క్రింది తరగతివారితో కూర్చుండి చర్చించు నేర్పాటు చేయుడు.

రెండవది: దాతలు విద్యార్థుల ప్రథమశ్రేణికి బంగారు పతకములిచ్చుచున్నారు. సంతోషము. తప్పబోవు విద్యార్థులను గట్టెక్కించిన బోధకుని కూడ ఒక సభలో గౌరవింపుడు. అతడు మన సంఘమువాడు కానక్కఱలేదు. మన పిల్లలకు పాఠము చెప్పువారిలో అన్ని కులములవారును గలరు. వారందఱికిని మనము ఋణపడియున్నాము.

మూడవది మన సంఘమునందలి యధ్యాపకులకు. తరగతి గడప దాటిన పిమ్మట మీకు కులము లేదు. వెనుక బల్లపై మౌనముగా కూర్చున్నవాడు ఏ పేటనుండి వచ్చినను మీ బిడ్డయే. మన పిల్లలయెడ మాత్రము శ్రద్ధ వహించుడని నేను చెప్పినచో ఈ వేదికకు అపచారము చేసినవాడనగుదును. మనవారిని పైకి తెచ్చు బోధన అందఱిని పైకి తెచ్చును. అందఱిని విడిచిన బోధనలో మనవారును మిగులరు.

నేను విశ్రాంతి గైకొన్న తరువాత ఆ బాలుని యూరికి పోయితిని. వానికి తల నెరసినది. నన్ను గుర్తించి, అరుగుపై కూర్చుండబెట్టి, మజ్జిగ యిచ్చెను. తప్పు నాదని యానాడు చెప్పవలసిన మాటను ఇరువదియైదేండ్ల తరువాత చెప్పితిని. వాడు కొంతసేపు మాటలాడలేదు. పిదప, "మూడవ పంక్తి గదండీ?" అనెను. వానికి ఆ లెక్క యింకను జ్ఞాపకమున్నది! అట్టివానికి బుఱ్ఱ లేదని నేనంటిని. వాని కుమార్తె ఇప్పుడు కళాశాలలో భౌతికశాస్త్రము చదువుచున్నదని చెప్పెను. ఆమెకు పాఠము చెప్పువారు గంట ముగియుటకు రెండు నిమిషములు ముందు ఆగి, "ఇంకను తెలియనిదేది?" అని యడుగుదురుగాక యని మాత్రమే నా ప్రార్థన.

వృద్ధదాతగారు "మీరేమిచ్చితిరి?" అని యడిగిరి. నేను చెప్పినదంతయు ఇచ్చితిననుకొంటిని. పుచ్చుకొన్నారో లేదో చూడలేదు. ఇదియే నా సమాధానము. నాకు తరువాతివారు చూచి యిత్తురుగాక!